ఇంటి వద్ద నర్సింగ్ సేవకు సర్కారు డబ్బు: నల్లగొండ, పాలమూరులో ఏ దారి ఎవరికి నప్పుతుంది

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో హోమ్ నర్సింగ్ ఏజెన్సీ పెట్టినవాళ్లు ఆరు నెలలు తిరిగేసరికి అడిగే మాట ఒకటే: ఆరోగ్యశ్రీలో మన పేరు ఎక్కించుకోవచ్చా? నేరుగా ఎక్కించుకోలేరు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పాలమూరు పల్లెల్లో ఆ కార్డు పేరు తెలియని ఇల్లు లేదు. కానీ ఆ పథకం మొదటి నుంచీ ఆసుపత్రిలో జరిగే వైద్యానికే ప్యాకేజీ ఇస్తోంది. 2023 డిసెంబరులో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచినా, ఇంటికొచ్చి మూత్రం గొట్టం మార్చే నర్సుకు అందులో లెక్క లేదు.

అవసరం మాత్రం కళ్లముందే ఉంది. కొడుకులు ముంబైకో పుణెకో హైదరాబాద్‌కో పోతే ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లు, మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయినవాళ్లు. వీళ్ల దగ్గర నెలనెలా జీతం కట్టి కేర్‌టేకర్‌ను పెట్టుకునే డబ్బు ఉండదు. కాబట్టి సర్కారు డబ్బు ఎటునుంచి వస్తుందో చూడటం తప్పు కాదు, అవసరం కూడా.

అది ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తుంది: ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రి (ఆ పథకం జాబితాలో ఉన్నది) వెనక ఉండి పని చేయడం, సర్కారు దవాఖానలకు టెండరు ద్వారా సిబ్బందిని ఇవ్వడం, స్వచ్ఛంద సంస్థగా కేంద్రం గ్రాంటు తీసుకోవడం, సొంతంగా పడకలు పెట్టి ఆసుపత్రిగా ఎంప్యానెల్ కావడం, అంటే పథకం జాబితాలో చేరడం. ఎంచుకునే ముందు అడగాల్సింది ఏ పథకంలో ఎక్కువ వస్తుందని కాదు. బిల్లు రాకపోయినా ఎన్ని నెలలు జీతాలు ఇవ్వగలరన్నది ముందు తేల్చుకోవాలి. దారిని నిర్ణయించేది ఆ జవాబే.

ఏ దారికైనా ముందు కావాల్సింది: డీఎంహెచ్‌ఓ ఆఫీసు కాగితం

తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2010 అమల్లో ఉంది. జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి కలెక్టర్ చైర్‌పర్సన్, జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కన్వీనర్. చట్టం ప్రకారం దరఖాస్తు సక్రమంగా ఉంటే 10 రోజుల్లో, విచారణ లేకుండా తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. అది ఏడాది చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50 వేల వరకు, రెండోసారి 2 లక్షల వరకు, ఆ తర్వాత 5 లక్షల వరకు జరిమానా.

హోమ్ నర్సింగ్ వాళ్లకు ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. పడకలు లేవు, క్లినిక్ కాదు, ల్యాబ్ కాదు. మరి ఏ కేటగిరీలో వేయాలి? కౌంటరులో ఫైలు ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. చట్టంలోని నిర్వచనం 'ఏ పేరుతో పిలిచినా' రోగానికి, గాయానికి నిర్ధారణ, చికిత్స, సంరక్షణ అందించే సంస్థలన్నిటినీ కలుపుకుంటుంది. దరఖాస్తుకు కవరింగ్ లెటర్ జతచేసి, ఆ నిర్వచనాన్ని అందులో ఎత్తి రాయండి. దాని కింద మీరు ఇచ్చే సేవలను పేరుపేరునా రాయండి: పుండ్లకు డ్రెస్సింగ్, మూత్రం గొట్టం మార్పు, ముక్కు గొట్టంతో ఆహారం, డాక్టరు రాసిన ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ. 'హోమ్ కేర్ సర్వీసెస్' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ ఫైలు తిరిగొస్తుంది.

జతచేయాల్సినవి: ఆఫీసు అద్దె పత్రం, పర్యవేక్షించే ఎంబీబీఎస్ డాక్టరు రిజిస్ట్రేషన్, ఆయన సమ్మతి పత్రం, ప్రతి నర్సుకూ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. కేర్‌టేకర్లకు హెల్త్‌కేర్ స్కిల్ కౌన్సిల్ వారి హోమ్ హెల్త్ ఎయిడ్ లేదా జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ ఉంటే మంచిది. నర్సు, కేర్‌టేకర్ ఒకటి కాదు. కేర్‌టేకర్ చేత గొట్టం మార్పించడం, ఇంజెక్షన్ వేయించడం చట్టం దృష్టిలో తప్పు. రోగికి ఏదైనా జరిగితే ముందు చూసేది కూడా అదే. ఇద్దరికీ వేర్వేరు రంగు గుర్తింపు కార్డులు ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

బయోమెడికల్ వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్ కావాలి. 2016 నిబంధనల ప్రకారం పడకలు లేని సంస్థకు అది ఒక్కసారి తీసుకుంటే చాలు, ఏటా రెన్యువల్ ఉండదు. కానీ వార్షిక నివేదిక జూన్ 30 లోపు పంపాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. వాడిన సూది రోగి ఇంట్లో చెత్తబుట్టలో పడకూడదు. ప్రతి నర్సు స్కూటీ డిక్కీలో సూది గుచ్చుకోని తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉండాలి. సూది విరిచి, క్యాప్ పెట్టకుండా అందులో వేసి, డబ్బా మూడొంతులు నిండగానే ఆఫీసుకు తెచ్చి, ఒప్పందం ఉన్న ట్రీట్‌మెంట్ ప్లాంటు బండికి ఇవ్వాలి. రక్తం, చీము అంటిన దూది, గుడ్డలు పసుపు సంచిలో, గొట్టాలు, సిరంజీలు ఎరుపు సంచిలో. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఆఫీసులో ఉంచకూడదు.

మొదటి దారి: నెట్‌వర్క్ ఆసుపత్రి వెనక

తక్కువ పెట్టుబడితో, త్వరగా మొదలుపెట్టగలిగేది ఇదే. మోకాలి ఆపరేషన్, పక్షవాతం, తలకు దెబ్బ వంటి కేసుల్లో డిశ్చార్జి తర్వాత రోగి బాగోగులు చూసుకునేవాళ్లు ఆసుపత్రికీ కావాలి. సర్కారు ఆసుపత్రికి డబ్బిస్తుంది, ఆసుపత్రి మీకిస్తుంది.

చిక్కులు రెండు. కేంద్రం ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలోనే డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, ఫాలోఅప్ కలిసి ఉంటాయి. ఆరోగ్యశ్రీలో డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ఇవ్వాలి. ప్యాకేజీలో ఉన్నదానికి మీరు రోగి దగ్గర మళ్లీ డబ్బు తీసుకుంటే అది ఉచిత వైద్యంలో వసూలు కిందికి వస్తుంది. ఫిర్యాదు పడితే ఆసుపత్రి ఎంప్యానెల్‌మెంటే ప్రమాదంలో పడుతుంది, ఆ వెంటే మీ ఒప్పందం పోతుంది. అందుకే ఒప్పందంలో రెండు జాబితాలు ఉండాలి: ప్యాకేజీ కింద ఆసుపత్రి ఖర్చుతో చేసేవి, ప్యాకేజీ ముగిశాక రోగి ఇష్టప్రకారం సొంత డబ్బుతో చేయించుకునేవి. రెండోదానికి మీ పేరుమీద విడిగా రసీదు ఇవ్వాలి.

ఇంకో చిక్కు జీఎస్టీ. రిజిస్టరైన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్‌గా రోగికి మీరు ఇచ్చే వైద్య సేవకు జీఎస్టీ లేదు. అదే నర్సును ఆసుపత్రికి అప్పగించి, ఆసుపత్రి చెప్పినట్టు పని చేయించి, నెలకింత అని బిల్లు వేస్తే అది మ్యాన్‌పవర్ సప్లై (మనుషుల సరఫరా), జీఎస్టీ 18 శాతం. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బిల్లులో మాటలు మారిస్తే చాలదు, పని తీరే వేరుగా ఉండాలి: మీ డాక్టరు పర్యవేక్షణ, మీ కేస్ షీటు, రోగి పేరు, ఏ తేదీన ఏం చేశారన్న వివరం. విజిట్‌కు ఇంత అని ధర పెట్టుకుంటే రెండు చిక్కులూ తగ్గుతాయి.

ఆసుపత్రికి సర్కారు నుంచి బకాయి పడితే మీకూ పడుతుంది. 2025లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి కూడా. 'సర్కారు డబ్బు వచ్చాక చెల్లిస్తాం' అన్న వాక్యం ఒప్పందంలో ఉంటే సంతకం పెట్టకండి. 'బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో' అని రాయించండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే (అది ఉచితం, ఎవరికీ డబ్బు కట్టొద్దు) 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్లు 45 రోజులకు మించి ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడిగే హక్కు మీకుంటుంది. రోజూ రోగుల్ని పంపే ఆసుపత్రి మీద ఆ హక్కు వాడటం కష్టమే. కానీ కాగితం మీద అది ఉందని తెలిస్తే మాట తీరు మారుతుంది.

రెండో దారి: టెండరు, ఔట్‌సోర్సింగ్

పెద్దగా కనిపించే దారి ఇది. నిలువునా ముంచేదీ ఇదే. లెక్క వేసి చూద్దాం.

2021 జూన్‌లో రాష్ట్రం ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి మూడు స్లాబులు ఖరారు చేసింది: 15,600, 19,500, 22,750 రూపాయలు. మధ్య స్లాబులో ఆరుగురిని ఇచ్చారనుకోండి. జీతాలు 1,17,000. పీఎఫ్ యజమాని వాటా, నిర్వహణ ఖర్చులతో కలిపి 13 శాతం, 15,000 పరిమితి మీద లెక్కిస్తే మనిషికి 1,950 చొప్పున 11,700. ఈఎస్ఐ యజమాని వాటా 3.25 శాతం, సుమారు 3,800. మొత్తం నెలకు 1,32,500. బిల్లు మూడు నెలలు వెనకబడితే దాదాపు 4 లక్షలు మీ చేతి నుంచి పెట్టి ఉంచాలి. మీ సర్వీస్ చార్జి 5 శాతం అనుకుంటే నెలకు 6,625 రూపాయలు. ఆ 4 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఉంటే నెల మిత్తే 8,000. అంటే పని చేసిన ప్రతి నెలా నష్టమే. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ లేకుండా, సొంత డబ్బు లేకుండా ఈ దారిలో అడుగు పెట్టొద్దన్నది మా గట్టి అభిప్రాయం. ట్రెజరీలో బిల్లుకు టోకెన్ నంబరు పడటం వేరు, ఖాతాలో డబ్బు పడటం వేరు.

జీతాలు మాత్రం ఆపలేరు. ఆపితే నర్సు మానేస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ మరుసటి నెల 15 లోపు కట్టాలి. ఆ చలాన్లు జతచేయనిదే తర్వాతి బిల్లు పాస్ కాదు. జీఎస్టీ పడే కాంట్రాక్టైతే అది కూడా ముందే మీ జేబులోంచి పోతుంది. ఆరోగ్యం వంటి పంచాయతీ, మున్సిపాలిటీ విధులకు సంబంధించి ప్రభుత్వ శాఖకు నేరుగా ఇచ్చే, సామాను కలవని సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. కానీ ప్రభుత్వ సంస్థలు, కార్పొరేషన్లకు 2022 జనవరి 1 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. కాబట్టి ఒప్పందం మీద సంతకం ఎవరి పేరుతో ఉంటుందో, శాఖా, కార్పొరేషనా, సొసైటీనా అన్నది రేటు వేయకముందే చూసుకోవాలి. 18 శాతం కలపకుండా రేటు కోట్ చేసి, తర్వాత కట్టాల్సి వస్తే కోలుకోలేరు.

రాష్ట్ర శాఖల టెండర్లు తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక మీద వస్తాయి. కేంద్ర సంస్థలు జెమ్ (ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ వేదిక) మీద పిలుస్తాయి. రెండింటిలోనూ బిడ్లు తిరస్కారమయ్యేది పెద్ద కారణాలతో కాదు. క్లాస్ 3 డిజిటల్ సంతకం ఒకరి పేరుమీద, బిడ్ ఇంకొకరి పేరుమీద ఉండటం. సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద ఆ పత్రానికి సీఏ తీసుకునే 18 అంకెల గుర్తింపు సంఖ్య, యూడీఐఎన్ లేకపోవడం (2019 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి). అన్నిటికంటే బాధ కలిగించేది అనుభవం పోగొట్టుకోవడం. మూడేళ్లు సొంత పేరుమీద నడిపి, టెండరు కోసమని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడతారు. పాత అనుభవ పత్రాలన్నీ పాత పేరుమీదే ఉంటాయి, కొత్త కంపెనీకి అనుభవం సున్నా. కంపెనీగా మారాలనుకుంటే మొదటి ఏడాదే మారండి, లేదా వ్యాపారం మొత్తాన్ని బదిలీ చేస్తున్నట్టు ఒప్పందం రాయించుకోండి.

మూడో దారి: స్వచ్ఛంద సంస్థగా గ్రాంటు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ అటల్ వయో అభ్యుదయ్ యోజన కింద వృద్ధుల సేవకు సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. వృద్ధాశ్రమాలు, డిమెన్షియా వంటివాటితో మంచాన పడ్డవాళ్లకు నిరంతర సంరక్షణ గృహాలు, మొబైల్ మెడికేర్ యూనిట్లు, ఫిజియోథెరపీ క్లినిక్కులు అందులోవి. చూడండి, 'ఇంటి వద్ద నర్సింగ్' అన్న పేరుతో అందులో ఏదీ లేదు. మీ పనికి దగ్గరివి మొబైల్ యూనిట్, ఫిజియోథెరపీ. ఫ్లోరోసిస్ ఊళ్లకు నిజానికి అవే ఎక్కువ కావాలి. బిగుసుకుపోయిన కీళ్లకు ఇంజెక్షన్ల కంటే రోజువారీ వ్యాయామం, చేతికర్ర, వీల్‌చైర్ ఉపయోగం. ఆ పరికరాలు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద అలింకో (సహాయ పరికరాలు తయారుచేసే కేంద్ర సంస్థ) క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. మీరు కొనివ్వాల్సిన పని లేదు, పేర్లు రాయించి క్యాంపుకు తీసుకెళ్లడమే మీ పని.

ఈ దారికి సొసైటీ, ట్రస్టు, లేదా సెక్షన్ 8 (లాభం పంచుకోని) కంపెనీ కావాలి. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లైతే తనిఖీలో అదే మొదటి ప్రశ్న అవుతుంది. ఎన్జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల సర్కారు వేదిక) నంబరు, ఆదాయపు పన్ను మినహాయింపుకు 12ఏ, 80జీ నమోదులు ఉండాలి. దరఖాస్తు ఈ-అనుదాన్ వేదికలో వేయాలి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కూడా కావాలనుకుంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నమోదు తప్పదు. గ్రాంటు విడతలుగా వస్తుంది. ముందు విడతకు కేంద్ర ఆర్థిక నిబంధనల (జీఎఫ్ఆర్) 12-ఏ నమూనాలో వినియోగ పత్రం, ఆడిట్ లెక్కలు ఇవ్వనిదే తర్వాతి విడత రాదు. లాభం పంచుకోవడం కుదరదు. బతుకుదెరువు కోసం ఏజెన్సీ పెట్టినవాళ్లకు ఇది సరిపోదని ముందే చెప్పాలి. ఇప్పటికే ఊళ్లల్లో సేవ చేస్తున్న, ఆడిట్ చేసిన లెక్కలున్న సంస్థకైతే నాలుగు దారుల్లో ఇదే మేలు.

ఈ సంస్థలు జిల్లా ఆసుపత్రి పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) వాళ్లతో కలిసి పని చేయడం మంచిది. క్యాన్సర్ చివరి దశ రోగుల ఇళ్లకు వాళ్ల 'ఆలన' బృందం వెళ్తుంది. నొప్పికి మార్ఫిన్ ఇవ్వగలిగేది అనుమతి ఉన్న వాళ్లే. మీ నర్సు అందులో వేలు పెట్టకూడదు. మీరు పుండ్లు శుభ్రం చేసి, రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఇంట్లోవాళ్లకు నేర్పితే ఆ కుటుంబానికి అదే కొండంత సాయం.

నాలుగో దారి: సొంత పడకలు

ఆయుష్మాన్ భారత్ ఎంప్యానెల్‌మెంటుకు కనీసం 10 పడకలు, 24 గంటలూ డాక్టరు, నర్సులు కావాలి. ఆరోగ్యశ్రీలో మొదటి నుంచి 50 పడకల షరతు పెట్టారు. ఇంత పెట్టినా ప్యాకేజీ లోపలి రోగికే వస్తుంది, ఇంటి విజిట్‌కు రాదు. ఇంట్లో డాక్టరు ఉండి, భవనం సొంతమైతే తప్ప హోమ్ నర్సింగ్ ఏజెన్సీ ఈ దారి పట్టొద్దు.

ఎంచుకునేటప్పుడు

చేతిలో లక్షన్నర లోపు ఉంటే మొదటి దారి ఒక్కటే. ఇద్దరు నర్సులు, ఒక ఫిజియోథెరపిస్టు, రెండు ఆసుపత్రులు. ఒక్క ఆసుపత్రి మీదే ఆధారపడితే వాళ్ల బకాయే మీ బకాయి. నాలుగు లక్షలు పక్కన పెట్టి ఏడాది ముట్టుకోకుండా ఉండగలిగితే, చిన్న టెండరుకు, ఆరుగురికి మించకుండా వెళ్లొచ్చు. సంస్థకు మూడేళ్ల ఆడిట్ ఉంటే గ్రాంటు. ఒకే సంస్థతో టెండరూ గ్రాంటూ రెండూ చేయాలని చూడకండి. ఒకదాని ఖాతా ఇంకోదానిలో కలిస్తే ఆడిట్‌లో రెండూ ఆగుతాయి.

ఏ దారి పట్టినా డబ్బు తెచ్చేది చివరికి విజిట్ రిజిస్టరే. ఒక పేజీ ఇలా ఉండాలి: తేదీ, ఇంట్లోకి వెళ్లిన సమయం, బయటికొచ్చిన సమయం, రోగి పేరు ఆధార్‌లో ఉన్నట్టే, బీపీ, నాడి, షుగర్, చేసిన పని ('గొట్టం మార్చాం, 16 సైజు, బెలూన్‌లో 10 మి.లీ. నీళ్లు, మూత్రం 400 మి.లీ., రంగు స్పష్టం'), వాడిన సామాను, తర్వాత రావాల్సిన తేదీ, నర్సు సంతకం, ఇంట్లో మనిషి సంతకం లేదా వేలిముద్ర. వేలిముద్ర అయితే పక్కన సాక్షి పేరు. ఆధార్‌లో 'లక్ష్మమ్మ', రిజిస్టరులో 'లచ్చమ్మ' అని ఉంటే బిల్లు వెనక్కి వస్తుంది, కాబట్టి మొదటి విజిట్‌లోనే కార్డు చూసి రాయాలి. నెలాఖరున కూర్చుని ముప్పై రోజులూ ఒకే పెన్నుతో నింపిన పేజీని ఆడిటర్ ఇట్టే పట్టేస్తాడు. ఒకే నర్సు ఉదయం 9:40కి దేవరకొండలో, 10 గంటలకు నల్లగొండలో ఉన్నట్టు రాస్తే ఆ నెల బిల్లంతా ఆగుతుంది, ఆ రెండూళ్ల మధ్య యాభై కిలోమీటర్లకు పైనే ఉంది. రిజిస్టరు కార్బన్ కాపీతో కొనండి. పై కాగితం ఆఫీసుకు, కింది కాగితం రోగి ఇంట్లోనే మంచం పక్కన ఉంటుంది, తర్వాత వచ్చే నర్సుకు గొట్టం ఎప్పుడు మార్చారో ఆ కాగితమే చెబుతుంది.